వేలాడే పోగులు కత్తిరించినవాడు

టార్పాలిన్ షాపులో కుట్టుమిషన్ తొక్కే ఆ మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుండేది గానీ దాన్ని ఎవరూ వాడక తుప్పు పట్టిపోయింది. అందరూ పిలిచేది గాలివాన అని. ఎందుకంటే ఆయన చెప్పే ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట గాలివాన వచ్చి తీరేది. పెళ్లిచూపుల కథలోనూ గాలివానే, పన్ను పీకించుకున్న కథలోనూ గాలివానే. బడి ఎందుకు మానేశావయ్యా అని అడిగితే, బడి పైకప్పు గాలివాన ఎగరేసుకుపోయింది, ఇంక ఎక్కడ కూర్చుని చదవమంటారు అనేవాడు. ఆ బడి ఇప్పటికీ అక్కడే ఉంది, పైకప్పుతో సహా.

ఆయన కథలన్నింటికీ పెద్ద కథ లారీది. లారీ మీద టార్పాలిన్ పట్టా కట్టి, తాడు చివర చేతిలో ఉండగానే గాలి లేచిందట. పట్టా గొడుగులా ఉబ్బింది. లారీ నేలొదిలింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "గురువుగారూ, కాస్త ఎడమకి లాగండి, నేను వెళ్లాల్సింది అటు" అన్నాడు. గాలివాన ఆ లారీని గాలిపటంలా నడిపించి, రెండు వంతెనలు పైనుంచే దాటించి, గోడౌను గుమ్మం ముందు దించాడు. సరుకు మీద ఒక్క చుక్క పడలేదు. ఈ కథ విన్న లారీ డ్రైవర్లు కూడా నవ్వి, అంత ఖచ్చితంగా గోడౌను ముందే దించడం మాకు నేల మీద కూడా కుదరదు అనేవారు.

అదే షాపులో పక్కబల్ల దగ్గర ఆయన ఇంటావిడ కూర్చునేది. పట్టాల అంచులకు ఇనుప రింగులు పెట్టి సుత్తితో కొట్టడం ఆవిడ పని. మొగుడి కథ మరీ పైకి లేచినప్పుడల్లా ఆవిడ సుత్తి ఠంగుమని ఒక దెబ్బ ఎక్కువ వేసేది. ఆ దెబ్బకి కథ కాస్త కిందికి దిగేది.

ఇంత కోతలరాయుడైనా, ఒక్క విషయంలో ఆయన్ని నూటికి నూరుపాళ్లు నమ్మొచ్చు. చేతిపనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. కుట్టు పూర్తయ్యాక పట్టాను బల్ల మీద పరిచి, కళ్లు మూసుకుని, అంచులన్నీ అరచేత్తో తడిమేవాడు. చేతికి ఒక్క పోగు తగిలినా కత్తెర అందుకునేవాడు. "ముక్కు తుడుచుకోకుండా ఫోటోకి నిలబడతామా? ఇదీ అంతే" అనేవాడు. ఆ కత్తెర ఎప్పుడూ ఆయన మెడలోనే ఒక తాడుకి వేలాడుతుండేది. ఆ షాపులో వేలాడటానికి అనుమతి ఉన్నది దానికొక్కదానికే.

ఒకరోజు ఆయన అక్క కూతురు, మొగుణ్ని వెంటబెట్టుకుని షాపులోకి వచ్చింది. ఆ పిల్ల కళ్లద్దాల దుకాణంలో పనిచేసేది. అతను లిఫ్టులు బాగుచేసేవాడు, తల గుమ్మానికి తగిలేంత పొడుగు. మాట మాత్రం బహు పొట్టి.

"మామయ్యా, మేమిద్దరం ఉద్యోగాలు మానేశాం," అంది మేనకోడలు వస్తూనే.

"శుభం. మీ అమ్మకి చెప్పావా?"

"లేదు. ముందు నీకు చెప్తే, నువ్వు చెప్తావని."

"అదన్నమాట సంగతి. అల్లుడూ, చూశావా, గండం ఎటు తిప్పిందో?"

విషయం ఏమిటంటే, రిజర్వాయరు వెనకాల చెట్ల తోపులో వీళ్లు ఒక క్యాంపు పెట్టబోతున్నారు. గుడారాలు ఉండవు. చెట్టుకీ చెట్టుకీ మధ్య గుడ్డ ఊయల కట్టి, అందులో పడుకోవడం. హ్యామక్ అంటారట. పట్నంలో ఫ్యాను కింద మగ్గిపోయిన కుటుంబాలు వచ్చి, ఆకుల్లోంచి ఆకాశం చూస్తూ ఒక రోజు గడిపి వెళ్తాయి. ఊయలలు కొనేశారు. ఇంక వాన నుంచి కాపాడేందుకు పైన కట్టే పట్టాలే కావాలి.

"అలాంటివాటికి సరైన మనిషి దగ్గరికే వచ్చావు," అన్నాడు గాలివాన మిషన్ ఆపి. "కొండ మీద ఊయల్లో నేను పడుకోని వానాకాలం లేదు. ఒకసారి పిడుగు వచ్చి నా ఊయల తాడు మీద కాసేపు కూర్చుని వెళ్లింది."

ఠంగ్.

"కాసేపు అంటే మరీ కాసేపు కాదనుకో," అని సర్దుకున్నాడు. నిజానికి ఆయన జీవితంలో ఇంటి కప్పు కింద తప్ప ఎక్కడా నిద్రపోలేదు. దోమ కుడితే మర్నాడు పనికి వచ్చే రకం కాదు.

మేనకోడలు అరలో మడతపెట్టి ఉన్న నమూనాల్లో నారింజ రంగుది ఒకటి లాగింది. చిన్నది, చతురస్రం. "దీన్ని మూలగా తిప్పి, నాలుగు కొసలూ నాలుగు వైపులకి లాగి కట్టేస్తే అయిపోతుంది మామయ్యా. తేలిక. ఫోటోల్లో అచ్చం గాలిపటంలా ఉంటుంది."

"ఉంటుంది. తడిసిన మనుషులు కూడా ఫోటోల్లో బాగానే పడతారు."

"అబ్బా!"

"అబ్బా కాదు, విను. వాన నీ మాట విని నెత్తి మీదే నిలువుగా పడుతుందనుకున్నావా? అది పిలవని చుట్టం. వీధి తలుపు వేస్తే పెరటి తలుపులోంచి వస్తుంది. ఈ గాలిపటం కింద పడుకుంటే నడుం ఒక్కటే పొడిగా ఉంటుంది. తలా కాళ్లూ వానకి దానం."

అల్లుడు మెల్లగా అన్నాడు. "పొడుగ్గా, అంచులు ఊయల కంటే కిందికి దిగేలా ఉంటే మంచిదేమో మామయ్యా. గాలి ఎటు వీచినా..."

"నేను చెప్పబోయేది అదే. నువ్వు ముందనేశావు." అని గాలివాన ఆ మాటను తనదిగా చేసేసుకున్నాడు. "పొడుగ్గా, రెండు పక్కలా దిగువకి. రెండు చివర్లా తలుపుల్లా మూసుకునే రెక్కలు. ఎండగా ఉంటే రెక్కలు ఎత్తి కట్టుకోండి, వానొస్తే దించండి. రంగు ఆకుపచ్చ. నారింజ వద్దు, ఆ నీడలో పడుకున్నవాడి ముఖం కామెర్లొచ్చినట్టు ఉంటుంది."

"మరి వీపుకి చలి?" అన్నాడు అల్లుడు. "కింద ఏమీ ఉండదు కదా, గాలి తగుల్తుంది. లోపల దుప్పటి పరిస్తే ఒంటి బరువుకి నలిగిపోయి పనిచెయ్యదు. ఊయల కిందనుంచి, బయటివైపు, ఒక దూది బొంత వేలాడదీస్తే..."

"అది కూడా నేనే చెప్పేవాణ్ని," అన్నాడు గాలివాన.

ఠంగ్.

అలా ఎంపిక జరిగింది. ఎవరు ఏమన్నా, ఆ ఎంపికలో తప్పు లేదు. గుడ్డ మంచిది, కొలత మంచిది, రెక్కలు మంచివి. కొలతలు తప్పకుండా ఉండాలని ఊయలలు కూడా షాపులోనే వదిలి వెళ్లారు.

గాలివాన ఆ పని ప్రాణం పెట్టి చేశాడు. కుట్ల సూది రంధ్రాలన్నింటి మీదా లోపలివైపు నుంచి జిగురు పూశాడు. మూలలకి రెట్టింపు గుడ్డ వేశాడు. అన్నీ అయ్యాక, ఊయల ఒకటి వెనక పెరట్లో రెండు స్తంభాల మధ్య కట్టి, పైన పట్టా పరిచి, కొలత సరిపోయిందని చూసుకున్నాడు. అప్పుడు కళ్లు మూసుకుని, అలవాటు ప్రకారం అన్నీ తడిమాడు. పట్టాకి ఒక్క పోగు లేదు. చెయ్యి అలా జారి ఊయల పట్టీ మీదికి వెళ్లింది. అక్కడ ఏదో మెత్తగా తగిలింది.

కళ్లు తెరిచి చూశాడు. ఊయలని చెట్టుకి కట్టే పట్టీ మీద, గుడ్డ మొదలవ్వడానికి కాస్త ముందు, జానెడు నూలు దారం ముడేసి కిందికి వేలాడుతోంది. రెండో వైపు కూడా అంతే. మిగతా ఊయలలు విప్పి చూశాడు. వాటికీ అదే చోట, అదే దారం.

"చూశావా? ఎంత బద్ధకమో! ఇంత గొప్ప గుడ్డ నేసి, చివరికి తోకలు వదిలేశారు," అన్నాడు ఇంటావిడతో.

"అన్నింటికీ ఒకేచోట ఉన్నాయిగా," అందావిడ తల ఎత్తకుండా.

"బద్ధకస్తుడు ఒక్కడే అయితే ఒకేచోట వదులుతాడు."

ఇంకెవరైనా అయితే ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. గాలివాన కత్తెర ఆగే రకం కాదు. చకచకా అన్నీ కత్తిరించి, మొదళ్లు కూడా కనపడకుండా సూదిమొనతో ముడులు లాగేశాడు. ఇంటావిడ సాయంత్రం ఊడ్చినప్పుడు ఆ దారాలు మిగతా పోగులతో పాటు చెత్తబుట్టలోకి వెళ్లాయి.

సరుకు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మేనకోడలు పట్టాలు చూసి మురిసిపోయింది. అల్లుడు మాత్రం ఒక ఊయల పట్టీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మామయ్యా, వీటికి ఇక్కడ చిన్న దారాలు వేలాడుతుండేవి కదా. ఏమయ్యాయి?"

గాలివాన గుండెలో సూది మొనంత ఏదో గుచ్చుకుంది. అన్నింటికీ ఒకేచోట ఉన్నాయిగా అని ఇంటావిడ అన్న మాట గుర్తొచ్చింది. అక్కడే ఆగి, అవెందుకురా నాయనా అని అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ చుట్టూ షాపు ఓనరూ, ఇద్దరు లారీ డ్రైవర్లూ, మేనకోడలూ నిలబడి ఉన్నారు. ఇంతమంది ముందు నాకు తెలియదు అనే మాట ఆయన నోటికి ఎప్పుడూ అలవాటు లేదు.

"దారాలా? ఫ్యాక్టరీవాడు ముక్కు తుడవకుండా పంపాడు, నేను తుడిచాను. లిఫ్టులో అయితే దారాలు పట్టుకుని వేలాడతారేమో గానీ అల్లుడూ, ఊయల వేలాడేది పట్టీ మీద. కొండ మీద పడుకున్నప్పుడు నా ఊయలకి దారాలున్నాయా? నన్ను అడుగు!"

డ్రైవర్లు పగలబడి నవ్వారు. మేనకోడలు కూడా మొగుడి భుజం మీద చరిచి నవ్వింది. అల్లుడు చెవుల దాకా ఎర్రబడి, పట్టీ మడతపెట్టేశాడు. సుత్తి మాత్రం ఆ రోజు మోగలేదు. ఇంటావిడ చెత్తబుట్టవైపు ఒకసారి చూసి ఊరుకుంది.

మొదటి క్యాంపుకి వచ్చింది ఒక పళ్ల డాక్టరమ్మ కుటుంబం. డాక్టరమ్మ, మొగుడు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. మధ్యాహ్నం తిని అందరూ ఊయలల్లోకి చేరారు. ఆకాశం ఉరిమింది. అల్లుడు పరుగుపరుగున రెక్కలన్నీ దించి కట్టాడు. కుండపోత వాన.

తర్వాత జరిగింది మేనకోడలు మర్నాడు గాలివాన ఇంట్లో కుర్చీలో కూలబడి చెప్పింది. మొగుడు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"అందరికీ కిందనుంచి తడిసిపోయింది మామయ్యా. ఒక్కరికి కూడా పైనుంచి చుక్క పడలేదు, నీ పట్టా కారలేదు. కానీ ఊయల్లో నడుం దగ్గర నీళ్లు గుంట కట్టాయి. పిల్లలైతే ఆటగా తీసుకున్నారు. పెద్దావిడే..."

"ఏమైంది?"

"ఆవిడ నిద్రపోయింది. లేచేసరికి కింద అంతా తడి. పైన చూస్తే పొడిగా ఉంది, ముఖం పొడిగా ఉంది. ఆవిడ ఏమనుకుందంటే..." మేనకోడలు గొంతు తగ్గించింది. "తనే పోసుకుందనుకుంది. ఊయల్లోంచి దిగనంది. అంచులు రెండూ దగ్గరికి లాక్కుని మూటలా లోపలే ఉండిపోయింది. మనవలు వచ్చి తొంగిచూసి, నానమ్మ పక్క తడిపింది అని అరిచారు."

ఇక్కడ గాలివాన నవ్వాడు. చిన్న నవ్వు కాదు, తొడ చరుచుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా. "అయ్యో, ఊయల్లో పడుకోబెట్టారని పసిపిల్ల అయిపోయిందా ఏంటి ఆవిడ!"

ఎవరూ నవ్వలేదు.

"కారులో ఇంటిదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదట మామయ్యా," అంది మేనకోడలు. "ఇవాళ గదిలోంచి బయటికి రాలేదట. డాక్టరమ్మ ఫోన్ చేసి అరిచింది, ఇంటికొచ్చి క్షమాపణ చెప్పమంది." అని మొగుడివైపు తిరిగింది. "పట్టా కారలేదు, ఊయల చిరగలేదు. ఇంక మిగిలింది కట్టడమే. కట్టింది నువ్వు."

"నా ముడులు బాగానే ఉన్నాయి," అన్నాడతను.

"మరి నీళ్లెక్కడివి? భూమిలోంచి ఎగిరొచ్చాయా?"

అతను మామయ్యవైపు చూశాడు. అప్పుడు గాలివాన అన్న మాట తర్వాత ఆయన్ని చాలాకాలం కుట్టింది. "ముడి అంటే అందరికీ పడేది కాదమ్మలూ. ఇనుప తాళ్లతో పనిచేసిన చెయ్యి, గుడ్డ పట్టీకి అలవాటుపడాలి మరి."

అల్లుడు తల వంచుకున్నాడు. "అంతేనేమో. లిఫ్టు కంపెనీవాళ్లు మళ్లీ రమ్మంటున్నారు. పక్క ఊళ్లో పని. సోమవారం వెళ్తాను. ఇక్కడి పని తనే చూసుకుంటుంది, ఇంకెవర్నైనా పెట్టుకుంటుంది."

వద్దని మేనకోడలు అనలేదు. వాళ్లు వెళ్లాక ఇంటావిడ కంచాలు తీస్తూ అడిగింది. "ఏమయ్యా, ఆ దారాలు ఎందుకుండేవో?"

"ఎందుకూ లేదు."

"నాకేం తెలుసు, నేనేమైనా కొండ మీద పడుకున్నానా?" అని ఆవిడ లోపలికి వెళ్లింది.

మర్నాడు షాపులో ఉండగానే వాన పట్టింది. గాలివాన పెరట్లోకి వెళ్లాడు. వాన చూడాలనిపించింది అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. క్యాంపు నుంచి మేనకోడలు చూడమని తెచ్చి వదిలిన ఊయల ఒకటి అక్కడుంది. స్తంభాలకి కట్టాడు, పైన పట్టా కట్టాడు, రెక్కలు దించాడు. లోపలికెక్కి పడుకున్నాడు. జీవితంలో మొదటిసారి.

బ్రహ్మాండంగా ఉంది. నెత్తి మీద వాన చిటపటలాడుతోంది, ఒక్క చుక్క రావడం లేదు. అల్లుడి ముడే తప్పు, ఇంకేముంది అనుకుని హాయిగా కళ్లు మూసుకోబోయాడు. ఇంతలో పాదాలవైపు పట్టీ మీద ఏదో మెరిసింది. స్తంభం మీదనుంచి జారిన నీళ్లు పట్టీని పట్టుకుని, పట్టా అంచు దాటి, నెమ్మదిగా, ఏమాత్రం సిగ్గు లేకుండా లోపలికి నడిచి వస్తున్నాయి. ఒక బొట్టు వెనక ఒక బొట్టు. గుడ్డ మొదలు దగ్గరికి రాగానే బొట్టు మాయమైంది. గుడ్డ తాగేసింది. తల తిప్పి చూస్తే తలవైపు నుంచీ అదే ఊరేగింపు. కాసేపటికి ఆయన కింద చల్లగా తగిలింది. ఆ చల్లదనం పాకింది. నడుం కింద గుంట కట్టింది.

వెంటనే లేవలేదు. లేవలేకపోయాడు. ఇంత వయసొచ్చిన మనిషి, పంట్లాం తడిసి, తడిసిన కారణం తెలిసినా కూడా, ఎవరైనా చూస్తారేమోనని ఊయల అంచులు రెండూ దగ్గరికి లాక్కున్నాడు. మూటలా. అప్పుడు పెద్దావిడ గుర్తొచ్చింది. ఆవిడకి కారణం కూడా తెలియదు. తొడ చరుచుకుని నవ్విన తన నవ్వు తనకే వినపడింది. తల కొట్టేసినట్టయింది.

దిగి, మిషన్ దగ్గర్నుంచి జానెడు దారం తెంపి, పట్టీ మీద గుడ్డకి కాస్త ముందు ముడేశాడు. నడిచొస్తున్న బొట్టు ముడి దగ్గర ఆగింది. తోవ తప్పినట్టు తటపటాయించి, దారం మీదుగా కిందికి జారి, నేల మీద టప్పున పడింది. తర్వాతి బొట్టూ అంతే. ఆ తర్వాతిదీ. గుడ్డ వైపు ఒక్కటి కూడా రాలేదు.

వెనక గుమ్మంలో ఇంటావిడ నిలబడి చూస్తోంది. సుత్తి చేతిలోనే ఉంది.

"చూశావా?" అన్నాడాయన.

"చూశాను. పంట్లాం మార్చుకో."

ఆ సాయంత్రమే మేనకోడలి ఇంటికి వెళ్లాడు. దారిపొడవునా మాటలు పేర్చుకున్నాడు. తీరా వెళ్లాక తేలు కుట్టిన దొంగలా కూర్చుని నీళ్లు నమిలాడు. అల్లుడు లోపల పెట్టె సర్దుకుంటున్నాడు. చివరికి ఎలాగో అనేశాడు.

"అమ్మలూ, ముడులు తప్పు కాదు. ఆ దారాలున్నాయే, అవి నీళ్లని ఆపేవి. నీళ్లు పట్టీ మీద నడుచుకుంటూ వస్తే, దారం పట్టుకుని కిందికి దించేస్తుంది. నేను కత్తిరించాను."

మేనకోడలు అలసిపోయినట్టు నవ్వింది.

"నీళ్లు నడుచుకుంటూ వచ్చాయి. దారం వాటిని చెయ్యి పట్టుకుని దించింది. బాగుంది మామయ్యా. పిడుగు ఎక్కడ కూర్చుంది ఈసారి?"

"నిజమే చెప్తున్నానే!"

"నాకు తెలుసు నీకు ఇతనంటే జాలని. కాపాడ్డానికి కథ కట్టావు. కానీ నా క్యాంపు కథల మీద నడవదు."

లోపల్నుంచి అల్లుడి గొంతు వినపడింది. "వద్దులెండి మామయ్యా. నా కోసం మీరు మాట పడకండి."

ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఇన్నేళ్లుగా లారీలు ఎగరేస్తే అందరూ విన్నారు. ఒక్క నీటిబొట్టు నడిచిందంటే నమ్మేవాళ్లు లేరు. ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలియలేదు, తనని తప్ప.

"డాక్టరమ్మ ఇంటికి క్షమాపణ చెప్పడానికి ఎప్పుడు వెళ్తున్నారు?" అని అడిగాడు.

"రేపు, ఇద్దరం. ఎందుకు?"

"నేనూ వస్తాను. కథ చెప్పను. నోరు కుట్టుకుని వస్తాను."

డాక్టరమ్మ ఇంటి ముందు కారు పెట్టే చోట రెండు స్తంభాలున్నాయి. గాలివాన ఎవర్నీ ఏమీ అడగలేదు. చంకలోంచి ఊయల తీసి, అల్లుడి చేతికిచ్చాడు. "నువ్వే కట్టు. నీ ముడే పడాలి."

అతను అయోమయంగా కట్టాడు. పైన కప్పు ఉంది కాబట్టి పట్టా అక్కర్లేదు. పిల్లలిద్దరూ తమాషా చూడ్డానికి పరిగెత్తుకొచ్చారు. మొక్కలకి నీళ్లు పెట్టే పైపు వాళ్ల చేతికిచ్చి, "ఆ స్తంభాల మీదా, పట్టీల మొదట్లో మాత్రమే పోయండి. నా మీద ఒక్క చుక్క పడకూడదు. పడితే మీరు ఓడినట్టు" అన్నాడు. పిల్లలు ఒట్టేసినంత శ్రద్ధగా పోశారు. డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె వెనక, కిటికీ తెర కాస్త కదిలింది.

గాలివాన ఊయల్లో పడుకున్నాడు. మాటల్లేకుండా అంతసేపు ఆయన ఎప్పుడూ ఉండలేదు. వీపు కింద చల్లగా తగిలాక కూడా, బాగా తడవనిచ్చి, అప్పుడు దిగాడు. దిగి, అందరికీ వీపు చూపించి నిలబడ్డాడు. పంట్లాం వెనకాల పెద్ద తడి మచ్చ. వీధిలో వెళ్తున్న పాలవాడు కూడా సైకిలాపి చూశాడు.

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన తిరగలేదు. అలాగే నిలబడి, గోడకి చెప్తున్నట్టు చెప్పాడు. "ఈ పట్టీలకి దారాలుండేవి. ఎందుకో తెలియక, అడగడానికి అహం అడ్డొచ్చి, కత్తిరించి పారేసింది నేను. ఈ అబ్బాయి అడిగితే పదిమందిలో నవ్వులపాలు చేసింది కూడా నేనే."

తర్వాత జేబులోంచి రెండు దారాలు తీసి, రెండు వైపులా ముడేశాడు. గుడ్డ పిండి, తుడిచి, మళ్లీ నీళ్లు పోయించాడు. నీళ్లు దారాల దగ్గర దిగిపోయాయి. కింద నేల మీద రెండు చిన్న మడుగులు కట్టాయి. మేనకోడలు వంగి, ఒక బొట్టు ముడి దగ్గర ఆగడం, జారడం కళ్లారా చూసింది. లేచి నిలబడి, మొగుడి ముఖం చూడలేక పట్టీని సవరిస్తున్నట్టు నటించింది.

అప్పటికి పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. సన్నటి మనిషి. దారం దాకా వచ్చి, కారుతున్న చుక్క కింద వేలు పెట్టింది.

"అయితే అది నేను కాదన్నమాట," అంది, తనలో తను.

"కాదమ్మా. నేను."

ఆవిడ ఆయన్ని కింద నుంచి పైకి చూసింది. "ఆ రోజు అందరూ నవ్వారు. పిల్లలు సరే. నా కొడుకు కూడా ముఖం తిప్పుకుని నవ్వాడు. నువ్వక్కడ లేవుగా. ఉంటే నవ్వేవాడివా?"

లేదండీ అనడానికి ఒక్క క్షణం చాలు. అలాంటి మాటలు ఆయన నాలుక చివరే ఉండేవి ఎప్పుడూ.

"ఇంట్లో కూర్చుని నవ్వానండీ," అన్నాడు. "తొడ చరుచుకుని."

పెద్దావిడ లోపలికి వెళ్లి ఒక తువ్వాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "తుడుచుకో. జలుబు చేస్తుంది." అంతే. తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

తిరుగుదారిలో కారు వెనక సీటు మీద మేనకోడలు ఒక టార్పాలిన్ ముక్క పరిచి, దాని మీద కూర్చోమంది. సీటు తడవకుండా. ఆయన కుట్టిన ముక్కే. గాలివాన దాని మీద కూర్చున్నాడు.

"సోమవారం రానని ఆ కంపెనీవాళ్లకి ఫోన్ చెయ్యి," అంది మేనకోడలు.

"చేస్తా. ముందు నా ముడులకి సారీ చెప్పు."

"ముడులకి చెప్తాను. నీకు కాదు. నువ్వెందుకు గట్టిగా అరవలేదు నా మీద?"

"అరిస్తే వినేదానివా?"

"వినేదాన్ని కాదనుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. వెనక్కి తిరిగి ఆయన్ని కూడా ఆ నవ్వులో కలుపుకోలేదు. కలుపుకోవాలని ఆయన కూడా ఆశించలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, తడిసిన గుడ్డ ఒంటికి అంటుకుంటుంటే, కదలకుండా కూర్చున్నాడు.

క్యాంపు ఊయలలన్నింటికీ దారాలు మళ్లీ కట్టే పని ఆయనే తీసుకున్నాడు. ఈసారి ఎర్ర దారం, పొడుగ్గా, ఎవరూ పొరపాటు పడకుండా. షాపు ఓనరు అటుగా వచ్చి అరిచాడు. "ఏంటిది? నీ బల్ల మీద పోగులు వేలాడ్డమా! కత్తెర పోయిందా?"

"ఉండనివ్వండి. అవి పనిచేసేవి," అన్నాడు గాలివాన.

ఆ సంగతి డ్రైవర్ల దాకా ఎలా వెళ్లిందో తెలియదు గానీ, ఎర్ర దారాలు చూసి వాళ్లలో ఒకడు కన్ను గీటాడు. "గురువుగారూ, కొత్త కుర్రాడొచ్చాడు మన బండి మీదికి. మీ లారీ కథ వినలేదట. ఆ రోజు గాలి ఎంత వేగంతో లేచిందో కాస్త చెప్పండి."

షాపులో అందరూ ఇటు తిరిగారు. పక్కబల్ల దగ్గర ఇంటావిడ రింగు పెట్టి, సుత్తి పైకెత్తింది.

గాలివాన సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "పెద్ద గాలేం కాదు లెండి. పట్టా కాస్త రెపరెపలాడింది."

సుత్తి అలాగే గాల్లో ఉండిపోయింది. కొట్టడానికి ఆవిడకి కారణం దొరకలేదు.